మా వాడు "రైట్ బ్రెయిన్" అంట, 22 వేలు కట్టమంటున్నారు. నిజంగా అట్లా ఉంటుందా?

పెన్నా గట్టు
మాది నెల్లూరు. మా వాడికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఎడమ చెయ్యే. మా వీధి చివర కొత్తగా పెట్టిన క్లాసు వాళ్ళు ఉచిత పరీక్ష అంటే పోయిన ఆదివారం తీసుకెళ్ళా. ఏదో తిరిగే బొమ్మ చూపించారు, రెండు చేతుల వేళ్ళూ పెనవేయమని ఏ బొటనవేలు పైకి వచ్చిందో చూశారు, పది నిమిషాల్లో తేల్చేశారు. వీడు రైట్ బ్రెయిన్ పిల్లాడంట, బొమ్మలూ పాటలూ వస్తాయంట, లెక్కలు రావంట, ఎడమ మెదడు నిద్రపోతా ఉందంట. దాన్ని లేపడానికి మూడు నెలల కోర్సు, 22 వేలు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ మా అత్తయ్య "నేను ముందే చెప్పలా ఆ ఎడమ చెయ్యి మాన్పించమని" అని అందుకుంది. ఇప్పుడు వాడు ఎడమ చేత్తో ముద్ద ఎత్తితే చాలు చేతి మీద ఒక దెబ్బ. వాడి ఏడుపు, నా టెన్షన్. ఈ లెఫ్ట్ బ్రెయిన్, రైట్ బ్రెయిన్ అనేది నిజమేనా, చెయ్యి మార్పిస్తే మెదడు మారుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కావలి కుర్రోడు
22 వేలా? మా ఊళ్ళో 15కే లేపుతున్నారక్కా.

రొయ్యల గుంట
పది నిమిషాల్లోనా! మా గుంటలో రొయ్యకి ఏం జబ్బో చెప్పడానికే ల్యాబ్ వాళ్ళు రేపు రా అంటారు.

సింగరాయకొండ టు బెంగుళూరు
అంత తీసిపారేయకండి. మా కంపెనీ ట్రైనింగులో రెండు రోజులు ఇదే చెప్పారు. ఎడమ మెదడు లెక్క, తర్కం, ప్లానింగ్. కుడి మెదడు కళ, ఊహ, భావం. దీనికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. నేను పక్కా లెఫ్ట్ బ్రెయిన్, మా ఆవిడ పక్కా రైట్ బ్రెయిన్. నేను సరుకులకి లిస్టు రాసుకుని పోతా, ఆమె అంగడిలో ఏది కనిపిస్తే అది తెస్తుంది. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

మొలగొలుకులు
లిస్టు రాసుకుపోయే వాళ్ళని మా ఇంట్లో మతిమరుపు మనుషులంటారు.

కనిగిరి మాస్టారు
ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదవండి.

సింగరాయకొండ తమ్ముడూ, నోబెల్ మాట నిజమే. 1981లో రోజర్ స్పెర్రీకి వచ్చింది. కానీ ఆయన పరిశీలించింది నీలాంటి నాలాంటి వాళ్ళని కాదు. మూర్ఛ ఏ మందుకీ లొంగక, మెదడు రెండు సగాల మధ్య ఉండే వంతెనని ఆపరేషన్‌తో కోయించుకున్న వాళ్ళని. ఆ వంతెనలో సుమారు 20 కోట్ల నాడీ తంతువులుంటాయి. చూపు ఎదురుగా నిలిపితే ఎడమ పక్కన కనపడేదంతా కుడి మెదడుకి పోతుంది, కుడి పక్కది ఎడమ మెదడుకి. ఆ రోగులకి ఎడమ పక్కన ఒక చెంచా బొమ్మ తళుక్కుమనిపించి ఏం చూశావంటే, నాకేం కనపడలేదు అంటారు, ఎందుకంటే నోరు ఎడమ మెదడు చేతిలో ఉంది, బొమ్మ చూసింది కుడిది. అదే మనిషిని తెర వెనక ఎడమ చేత్తో, అంటే కుడి మెదడు నడిపే చేత్తో, తడిమి తియ్యమంటే చెంచానే తీస్తాడు! అంటే కుడి మెదడుకి తెలుసు, చెప్పుకోవడానికి నోరు లేదు. అది చూసి ప్రపంచం నివ్వెరపోయింది, అందులో అతిశయం లేదు.

అయితే మనకి ఆ వంతెన ఎవరూ కోయలేదు కదా. నీ కుడి మెదడుకి తెలిసింది ఎడమదానికి చేరడానికి సెకనులో చిన్న ముక్క చాలు. 2013లో అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు 7 నుంచి 29 ఏళ్ళ మధ్య 1,011 మంది మెదడు స్కాన్లు వెతికారు. కొన్ని పనులు ఒక వైపు ఎక్కువగా జరుగుతాయి, అది కనపడింది. ఒక మనిషి మొత్తంగా ఎడమ మెదడు మనిషి, ఇంకో మనిషి కుడి మెదడు మనిషి అనేది మాత్రం కనపడలేదు. పనులకి వైపులుంటాయి, మనుషులకి ఉండవు.

లెక్కల సంగతి కూడా అంతే. ఎక్కాలు అప్పజెప్పడం మాటతో ముడిపడ్డ పని, ఎడమ వైపు ఎక్కువ. రెండు కుప్పల్లో ఏది పెద్దదో ఒక చూపులో అంచనా వేయడానికి రెండు వైపులూ పనిచేస్తాయి. ఇక బొటనవేలు పరీక్ష. వేళ్ళు పెనవేస్తే కుడిచేతి వాళ్ళలో కూడా ఇంచుమించు సగం మందికి ఎడమ బొటనవేలే పైకొస్తుంది. మీరూ చేసి చూసుకోండి.

రొయ్యల గుంట
చేశా. ఎడమది పైకొచ్చింది. 22 వేలు ఎక్కడ కట్టాలి?

మైపాడు అల
నాదీ ఎడమే. మా ఇంట్లో నలుగురిలో ముగ్గురం.

సింగరాయకొండ టు బెంగుళూరు
సరే మాస్టారూ, మరి పనులకి వైపులున్నాయని మీరే అంటున్నారుగా, అప్పుడు మా ట్రైనింగ్ వాళ్ళు చెప్పింది సగమైనా కరెక్టే కదా?

ఫిజియో అక్క
సగం కరెక్టుతోనే ఇబ్బంది తమ్ముడూ. నేను ఒంగోల్లో పక్షవాతం వచ్చిన వాళ్ళకి వ్యాయామం చేయిస్తా. ఏ వైపు ఏం చేస్తుందో పుస్తకం కంటే మంచాల పక్కన బాగా అర్థమవుతుంది. ఎడమ మెదడుకి దెబ్బ తగిలితే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతాయి, చాలామందికి మాట కూడా. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు దగ్గర ఒక రోగి ఉండేవాడు, ఏం అడిగినా "టాన్" అనే ఒక్క ముక్కే పలికేవాడు. పోయాక తెరిచి చూస్తే ఎడమ మెదడు ముందు భాగం పాడైపోయి ఉంది. మాటకి ఎడమ వైపు అనే లెక్క అక్కడ మొదలైంది.

కుడి మెదడుకి దెబ్బ తగిలిన వాళ్ళు మాత్రం గడగడా మాట్లాడతారు, అందుకే ఇంట్లోవాళ్ళు "మాటుంది కదా, పర్లేదు" అనుకుంటారు. వీళ్ళతో పని చాలా కష్టం. కొంతమంది తమ ఎడమ చెయ్యి పడిపోయిందని ఒప్పుకోరు, నాకేం కాలేదంటారు. ఒకాయన తన చేతిని చూపించి "ఇది ఎవరిదో నా పక్కలో పెట్టారు, తీసేయండి" అని నర్సుని కేకలేశాడు. గొంతులో ఎత్తుపల్లాలు పోతాయి, ఎదుటివాళ్ళ గొంతులోని వంకరా అర్థం కాదు. "బలే పని చేశావులే" అని ఎత్తిపొడిస్తే నిజంగా మెచ్చుకున్నారనుకుంటారు.

కావలి కుర్రోడు
ఎత్తిపొడుపు అర్థం కాకుండా నెల్లూరు జిల్లాలో ఎట్లా బతుకుతారక్కా

గోంగూర పచ్చడి
ఫిజియో అక్కా, మీ పోస్టు చదివి నాకు చేతులు వణుకుతున్నాయి, నవ్వొద్దు ఎవరూ.

మా అత్తమ్మకి ఆర్నెల్ల కిందట పక్షవాతం, ఎడమ చెయ్యి, ఎడమ కాలు. మాట బాగానే ఉంది. ఇంటికొచ్చినప్పటి నుంచీ నేను కంచంలో ఏం పెట్టినా సగం వదిలేస్తుంది. అన్నం తింటుంది, పప్పు తింటుంది, నేను చేసిన పచ్చడి, వేపుడు ముట్టుకోదు. నేనేమో మా ఆయనతో పెద్ద గొడవ పెట్టుకున్నా, నా చేతి వంట మీ అమ్మకి ఎప్పుడూ నచ్చలేదు, ఇప్పుడు మంచంలో ఉండి కూడా సాధిస్తోంది అని. పైగా నేను పిలిస్తే పలకదు, మా ఆడపడుచు పిలిస్తే వెంటనే తిరుగుతుంది. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా కుడి పక్క కుర్చీలో కూర్చుంటుంది. నేను వంటింట్లోంచి వచ్చేది ఎడమ పక్క నుంచి. పచ్చడి, వేపుడు నేను పెట్టేది కంచంలో ఎడమ పక్కనే.

ఇది అదేనా?

ఫిజియో అక్క
అదే అయ్యుంటుందమ్మా. కళ్ళు బాగానే ఉంటాయి, కానీ కుడి మెదడు వెనక పక్క దెబ్బ తింటే ఎడమ వైపు లోకం ఒకటుందనే ధ్యాసే పోతుంది. సగం గడ్డం గీసుకుని లేచేవాళ్ళని చూశా, సగం పేపరే చదివే వాళ్ళని చూశా. గడియారం బొమ్మ వేయమంటే పన్నెండు అంకెలూ కుడి సగంలోనే ఇరికిస్తారు. ఎడమ మెదడు దెబ్బకి ఇది ఇంత గట్టిగా రాదు, ఎందుకంటే కుడి మెదడు రెండు వైపులా కాపలా కాస్తుంది, ఎడమది ముఖ్యంగా కుడి వైపే చూస్తుంది.

ఈ రోజు రాత్రి ఒక పని చెయ్. ఆమె ఇక చాలు అన్నాక కంచం అటుదిటు తిప్పు, ఏమీ అనకుండా. రేపటి నుంచి కంచం ఎడమ అంచున ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టు, అది కనపడేదాకా తల తిప్పించు. నువ్వు మాట్లాడేది ఎడమ పక్క నుంచే మాట్లాడు గానీ, ముందు పేరు పెట్టి పిలిచి ఆమె తిరిగేదాకా ఆగు. నడిపించేటప్పుడు ఎడమ పక్క నువ్వుండాలి, గుమ్మాలకి గుద్దుకుంటారు. ఈసారి చూపించడానికి పోయినప్పుడు డాక్టరుకి ఈ కంచం సంగతి తప్పకుండా చెప్పు.

అద్దంకి పద్యం
మా నాయనది రెండో రకం, ఎడమ మెదడు, మాట పడిపోయింది. ఆయన కుర్రతనంలో ఊరి నాటకాల్లో కృష్ణుడు వేసినవాడు. ముందు మా తప్పు చెబుతా. తెల్లారి లేచేసరికి మూతి వంకరపోయి చెయ్యి లేవకపోతే మేం ఆస్పత్రికి పోలా, పసరు పోస్తారంటే కారులో యాభై కిలోమీటర్లు తీసుకుపోయాం. సాయంత్రం ఆస్పత్రికి చేరితే డాక్టరు ఏమీ తిట్టలేదు, తల అడ్డంగా ఊపాడంతే.

నెల తర్వాత సంగతి. నీళ్ళు కావాలంటే "నీ... నీ..." అని ఆగిపోయి కళ్ళ నీళ్ళు పెట్టుకునేవాడు. ఒక రోజు టీవీలో ఎవరో పద్యం ఎత్తుకుంటే ఈయన అందుకుని నాలుగు పాదాలూ రాగంతో సహా పాడేశాడు! ఒక్క అక్షరం పోలేదు. మా అమ్మ చేతిలో చెంబు కింద పడేసింది. పద్యం అయ్యాక నీళ్ళు కావాలా నాయనా అంటే మళ్ళీ "నీ... నీ..." అంతే. బూతులు మాత్రం మా నాయనకి మొదటి రోజు నుంచీ స్పష్టంగానే వచ్చేవి, అది వేరే సంగతి.

ఫిజియో అక్క
వేరే సంగతి కాదు, అదే సంగతి. పాట, ప్రార్థన, ఒకటి రెండు మూడు లెక్కపెట్టడం, తిట్లు, ఇవి మనం పదం పదం కూర్చుకుని చెప్పేవి కావు, ఒక వరసలో వాటంతట అవే వచ్చేస్తాయి. రాగం పట్టుకోవడంలో కుడి మెదడు పాత్ర పెద్దది, అది బాగుంది కాబట్టి పాట నిలబడింది. దీని మీదే 1973లో ఒక చికిత్స తయారైంది, కావలసిన మాటని చిన్న రాగంలో పెట్టి, ఎడమ చేత్తో తాళం వేయిస్తూ పలికిస్తారు, మెల్లగా రాగం తగ్గిస్తారు. అందరికీ పనిచేయదు, కొందరికి బాగా పనిచేస్తుంది. స్పీచ్ థెరపిస్టుకి చూపించండి.

ఇంకో మాట, ఇది అందరికీ. మూతి వంకర, చెయ్యి జారిపోవడం, మాట ముద్దగా రావడం, ఈ మూడిట్లో ఏది హఠాత్తుగా కనపడినా టైము చూసుకుని స్కాన్ ఉన్న ఆస్పత్రికి పరుగెత్తండి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే. నిద్రలో వస్తే ఎప్పుడు మొదలైందో తెలియదు కాబట్టి ఇంకా తొందరపడాలి. పసరు దారిలో ఆ గంటలు పోతున్నాయి.

అద్దంకి పద్యం
థెరపిస్టు నేర్పించారక్కా, ఇప్పుడు నీళ్ళు, అన్నం, బాత్రూం మూడూ రాగంలో వస్తాయి. పొద్దున్నే "నీళ్ళు కావాలీ" అని ఎత్తుకుంటే పక్కింటివాళ్ళు నాటకం ఎప్పుడని అడుగుతున్నారు.

ఇడ పింగళ
ఇవన్నీ మన పెద్దలు ఎప్పుడో చెప్పినవే. ఎడమ ముక్కు ఆడితే కుడి మెదడు, కుడి ముక్కు ఆడితే ఎడమ మెదడు. పరీక్షకి పోయే పిల్లాడికి కుడి ముక్కుతో గాలి పీల్పించండి, లెక్కలన్నీ వచ్చేస్తాయి. 22 వేలు అక్కర్లేదు.

కనిగిరి మాస్టారు
ముక్కు రంధ్రాలు కొన్ని గంటలకోసారి వంతులు మార్చుకోవడం నిజం, మీరు వేలు పెట్టి చూసుకోవచ్చు. దాంతో లెక్కలు వస్తాయంటే నా సర్వీసులో జలుబు చేసిన పిల్లలంతా ఫెయిలై ఉండాలి.

ఇడ పింగళ
మీరు నమ్మకపోతే మీ ఇష్టం మాస్టారూ. ఎగతాళి మాత్రం చేయొద్దు.

అడ్మిన్
ముక్కు చర్చకి వేరే థ్రెడ్ తెరవండి. ఇక్కడ మెదడు.

మైపాడు అల
ఫోను ఏ చెవికి పెడతారు అందరూ? నేను కుడి చెవికే, ఎడమకి పెడితే అవతలివాళ్ళు వేరే ఊళ్ళో ఉన్నట్టుంటుంది.

మొలగొలుకులు
అవతలివాళ్ళు వేరే ఊళ్ళోనే ఉంటారు కదప్పా.

కనిగిరి మాస్టారు
మైపాడు అమ్మాయి చెప్పింది సరదా మాట కాదు. రెండు చెవులకీ ఒకేసారి వేర్వేరు మాటలు వినిపిస్తే చాలామంది కుడి చెవివే ఎక్కువ సరిగ్గా చెబుతారు, 1961లో డోరీన్ కిమురా చూపించింది. కుడి చెవి దారి మాట ఉండే ఎడమ మెదడుకి సూటిగా పోతుంది. తేడా చిన్నదే, అందరికీ ఉండదు. ఎడమ చేత్తో ఫోను పట్టి కుడి చేత్తో రాసుకునే గుమస్తాకి ఈ లెక్క వర్తించదు.

చంటిబిడ్డల సంగతి ఇంకా తమాషా. 1960లో లీ సాల్క్ అనే ఆయన తల్లుల్ని గమనిస్తే పదిమందిలో ఎనిమిది మంది బిడ్డని ఎడమ పక్కకే ఎత్తుకున్నారు.

గోంగూర పచ్చడి
కుడి చెయ్యి పనికి ఖాళీ ఉండాలి కదా మాస్టారూ, బిడ్డని చంకనేసుకుని కూర కలిపింది మీరు కాదుగా.

కనిగిరి మాస్టారు
నిజమే తల్లీ, నేను కలపలేదు. కానీ ఎడమచేతి తల్లులు కూడా ఇంచుమించు అంతే మంది ఎడమకే ఎత్తుకున్నారు. అక్కడే చిక్కు. తల్లి గుండె చప్పుడు వినపడాలనా, బిడ్డ ముఖం ఎడమ చూపులోకి వచ్చి భావాలు చదవడంలో ముందుండే కుడి మెదడుకి చేరుతుందనా, ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది.

రొయ్యల గుంట
మాస్టారూ ఆ కోసిన వంతెన మనుషుల కథలు ఇంకోటి చెప్పండి.

కనిగిరి మాస్టారు
స్పెర్రీ శిష్యుడు గజానిగా చేసింది. ఒక కుర్రాడి ఎడమ మెదడుకి కోడికాలు బొమ్మ, కుడి మెదడుకి మంచు కప్పిన ఇల్లు చూపించి, ముందున్న బొమ్మల్లో తగినవి రెండు చేతులతో చూపించమన్నాడు. కుడి చెయ్యి కోడిని చూపింది, ఎడమ చెయ్యి పారని. పార ఎందుకయ్యా అంటే, మంచు సంగతి నోరున్న ఎడమ మెదడుకి తెలియదు కదా. నాకు తెలియదు అనాలి. అనలేదు. "కోడికాలుకి కోడి, కోళ్ళ గూడు శుభ్రం చేయడానికి పార" అన్నాడు, తడుముకోకుండా! అబద్ధం ఆడుతున్నానని ఆ కుర్రాడికీ తెలియదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అసలు సరుకు ఇదే. చేసిన పనికి కారణం తెలియకపోయినా మాట వెంటనే ఒక కారణం అల్లి పెడుతుంది.

పెన్నా గట్టు
మా ఆయనకి ఏ ఆపరేషనూ కాకుండానే ఇది ఉంది. కరివేపాకుకి పంపితే మలై కాజా తెచ్చి, కరివేపాకు వాడిపోయి ఉందే అన్నాడు.

మార్కాపురం పలక
అక్కా, మీ పిల్లాడి చెయ్యి గురించి ఎవరూ జవాబు చెప్పలేదు. నాదీ పుర్రచెయ్యే. చిన్నప్పుడు పలక మీద ఎడమ చేత్తో రాస్తే రాసినదంతా నా అరచెయ్యే తుడిచేసేది, మా అయ్యవారు పలకతో పాటు నా వేళ్ళూ వాయించేవాడు. రెండేళ్ళకి కుడి చెయ్యి అలవాటైంది. ఇప్పుడు సంతకం కుడితో, కత్తి పీట, క్యారమ్స్, రాయి విసరడం అన్నీ ఎడమతో. మెదడేమీ మారలా. మారింది ఒకటే, ఇప్పటికీ ఎవరైనా నేను రాస్తుంటే వెనక నిలబడితే చెయ్యి ఆగిపోతుంది.

కనిగిరి మాస్టారు
పలక చెప్పిందానికి లెక్క కూడా కలుపుతా. ప్రపంచంలో పదిమందిలో ఒకరు ఎడమచేతి వాళ్ళు. కుడిచేతి వాళ్ళలో 95 శాతం దాకా మాట ఎడమ మెదడులోనే, ఎడమచేతి వాళ్ళలో కూడా 70 శాతం మందికి ఎడమలోనే. అంటే ఎడమ చెయ్యి చూసి రైట్ బ్రెయిన్ అని ముద్ర వేసినవాడికి మొదటి పాఠమే రాదు.

కావలి కుర్రోడు
మా పెదనాన్నకి కూడా చేతివాటం ఉందండి. సొసైటీలో రెండేళ్ళు సస్పెండ్ చేశారు.

పెన్నా గట్టు
నాలుగు రోజులకి వచ్చా. నిన్న ఆ క్లాసుకి పోయి ఒకటే అడిగా, వీడి ఎడమ మెదడు నిద్రపోతుంటే పొద్దున లేస్తే రాత్రి దాకా ఈ వాగుడు ఎక్కడి నుంచి వస్తోంది సార్ అని. ఆయన కాసేపు కంప్యూటర్ చూసి, మీకు కాబట్టి 18కి చేస్తాం మేడమ్ అన్నాడు.

అత్తయ్యకి గోంగూర పచ్చడి గారి పోస్టు చదివి వినిపించా, పలకది కూడా. ఏమీ అనలేదు. రాత్రి అన్నం దగ్గర వాడు ఎడమ చెయ్యి ఎత్తితే కొట్టలా, చెంచా ఇచ్చింది, "పెళ్ళి పంక్తుల్లో మాత్రం కుడితో తినరా నాయనా, పది మందీ చూస్తారు" అని బతిమాలింది. వాడు ఒప్పుకున్నాడు, దానికి బదులు ఒక బ్యాటు అడిగాడు. ఈ రోజు మా ఆడపడుచు కూతురు వస్తే అత్తయ్య ఎత్తుకుంది. ఎడమ చంకనే.

గోంగూర పచ్చడి
కంచం తిప్పా. వేపుడు మొత్తం తిన్నది. "ఇది ఇందాకటి నుంచి ఎందుకు పెట్టలా" అని నన్నే తిట్టింది. ఆరు నెలల తర్వాత తిట్టు తిన్నందుకు ఏడుపొచ్చింది.

కావలి కుర్రోడు
18కి దిగారా? మా వాళ్ళకి చెప్తా, 12కి లేపుతారు.

మార్కాపురం పలక
బడిలో బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టమని టీచరుకి చెప్పక్కా. మధ్యలో కూర్చుంటే రాసేటప్పుడు మోచెయ్యి పక్కోడికి తగిలి రోజూ తగువే.

పెన్నా గట్టు
అందుకేనా వారానికో కంప్లైంటు! రేపే చెప్తా.